అణుబాంబు రేడియేషన్ మన శరీరాన్ని ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 మే 7న హైదరాబాద్‌లో సైరన్లు మోగించి సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ చేసినప్పటి నుంచి కాలనీ సంఘాల్లో, కాలేజీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఇవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కొందరు "ఏం చేసినా లాభం లేదు, అంతా అయిపోతుంది" అంటున్నారు, ఇంకొందరు ఉప్పు తింటే చాలంటున్నారు. రెండూ ప్రాణాల మీదకు తెచ్చే మాటలే. అందుకే తరచుగా వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా తెలియాల్సినవి

బాంబు పడితే అందరూ రేడియేషన్‌తోనే చనిపోతారా?

కాదు. గాలిలో పేలిన అణుబాంబు శక్తిలో దాదాపు సగం పేలుడు తాకిడిగా, మూడో వంతుకు పైగా వేడిగా పోతుంది. రేడియేషన్‌గా వచ్చేది సుమారు 15 శాతం. అందులో 5 శాతం మొదటి నిమిషంలోనే వస్తుంది, మిగతాది పేలుడుతో పైకి లేచి ఆ తర్వాత రాలే రేడియో ధార్మిక ధూళి నుంచి మెల్లగా వెలువడుతుంది. హిరోషిమాలో 1945 చివరికల్లా సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మందికి పైగా చనిపోయారని అంచనా. వాళ్లలో ఎక్కువ మందిని తీసుకుపోయినవి కాలిన గాయాలు, కూలిన ఇళ్లు, మంటలు. చాలామందికి గాయాలూ రేడియేషనూ కలిసి తగిలాయి. అలా కలిసినప్పుడు విడివిడిగా అయితే బతికించగలిగే గాయం కూడా ప్రాణం తీస్తుంది.

గ్రే, సీవర్ట్, మిల్లీసీవర్ట్... ఇవన్నీ ఏంటి? ఎంతైతే ప్రమాదం?

శరీరం ఎంత రేడియేషన్ శక్తిని పీల్చుకుందో చెప్పే కొలత గ్రే. దాని వల్ల ముందు ముందు ఎంత ముప్పు ఉండొచ్చో చెప్పడానికి వాడేది సీవర్ట్. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. గామా కిరణాలు ఒళ్లంతా తగిలినప్పుడు ఒక గ్రే అంటే ఒక సీవర్ట్ అనుకోవచ్చు.

మట్టి, రాళ్లు, ఆకాశం, తిండి ద్వారా ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు సహజంగానే అందుతాయి. గ్రానైట్ మీద కట్టుకున్న ఊరు కాబట్టి మన హైదరాబాద్‌లో ఇది దేశ సగటు కంటే కొంచెం ఎక్కువ. ఛాతీ ఎక్స్‌రేకి 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువ, పొట్ట సీటీ స్కాన్‌కి 10 దాకా పడుతుంది. రేడియేషన్ జబ్బు లక్షణాలు కనిపించాలంటే ఒళ్లంతటికీ తక్కువ సమయంలో సుమారు 700 నుంచి 1000 తగలాలి. "రేడియేషన్ తగిలింది" అన్న మాట వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత?" అనేదే.

కంటికి కనిపించదు, నొప్పి పుట్టదు. మరి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుంది?

గామా కిరణాలు, న్యూట్రాన్లు ఒంట్లోంచి దూసుకుపోతూ కణాల్లోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. కణంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ నీటి అణువులు విరిగి, చుట్టూ ఉన్నవాటిని దెబ్బతీసే ముక్కలుగా మారతాయి. డీఎన్‌ఏకి తగిలేదే అసలు దెబ్బ. ఒక పోగు తెగితే కణం బాగుచేసుకుంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగితే సరిగా అతకడం కష్టం. అప్పుడు కణం చచ్చిపోతుంది, లేదా తప్పుగా అతికిన డీఎన్‌ఏతో బతుకుతుంది. కణాలు చావడం వల్ల వారాల్లో జబ్బు వస్తుంది, తప్పుతో బతికిన కణాల వల్ల ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు.

ఎప్పుడూ విభజన జరిగే కణాలకే ముందుగా నష్టం జరుగుతుంది. ఎముక మజ్జ, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు, వృషణాలు అలాంటివి. పెద్దవాళ్ల మెదడు, కండరాలు మొండివి. ఎదిగే పిల్లలు పెద్దల కంటే ఎక్కువ దెబ్బతినడానికీ కారణం ఇదే.

మా నాన్నకి క్యాన్సర్ ఆస్పత్రిలో 60 గ్రే ఇచ్చారు. మరి 4 గ్రేకే మనిషి పోతాడంటారేంటి?

చాలా మంచి ప్రశ్న, ఇది అడిగినవాళ్లకు అసలు విషయం సగం తెలిసిపోయినట్టే. రేడియోథెరపీలో ఆ 60 గ్రే ఒళ్లంతటికీ ఇవ్వరు, కణితి ఉన్న చిన్న చోటికే ఇస్తారు. అదీ రోజుకు 2 గ్రే చొప్పున ఆరు వారాలు. రోజుకూ రోజుకూ మధ్య మామూలు కణాలు కోలుకుంటాయి. మిగతా ఎముకల్లోని మజ్జ రక్తాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. బాంబు రేడియేషన్ ఒళ్లంతటికీ ఒక్కసారే తగులుతుంది, సాయం చేయడానికి బాగున్న మజ్జ మిగలదు.

## మొదటి నిమిషం నుంచి మొదటి రెండు రోజులు

పెద్ద వెలుగు కనిపిస్తే ఏం చేయాలి?

దాని వైపు చూడకూడదు, చూపు పోవచ్చు. వెంటనే కిటికీలకు దూరంగా బోర్లా పడుకుని తల, ముఖం కప్పుకోవాలి. వెలుగు క్షణంలో వస్తుంది కానీ పేలుడు తాకిడి కిలోమీటరుకు సుమారు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వస్తుంది. ఏమైందో చూద్దామని కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకే అద్దాలు గుచ్చుకుంటాయి.

తాకిడి దాటిపోయాక కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు ధూళి రాలడానికి పది, పదిహేను నిమిషాల వ్యవధి దొరుకుతుంది. దగ్గర్లోని గట్టి భవనంలోకి చేరడానికి ఆ సమయం చాలు. ఊరు దాటడానికి చాలదు.

మాది అపార్ట్‌మెంట్. ఎక్కడ దాక్కోవాలి? మెట్రో స్టేషన్‌కి వెళ్లాలా?

మన మెట్రో అంతా పిల్లర్ల మీదే ఉంది, భూగర్భ స్టేషన్ ఒక్కటీ లేదు. కాబట్టి ఢిల్లీ వాళ్లకు చెప్పే సలహా మనకు పనికిరాదు. స్టిల్ట్ పార్కింగ్ కూడా వద్దు, నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, ధూళి నేరుగా లోపలికి వస్తుంది. షాపింగ్ కాంప్లెక్స్, ఆఫీసు భవనాల సెల్లార్ ఉంటే అది చాలా మంచిది. లేకపోతే అయిదారు అంతస్తుల కాంక్రీటు భవనంలో మధ్య అంతస్తు, బయటి గోడలకు దూరంగా ఉన్న గది. ధూళి నేల మీదా డాబా మీదా పేరుకుంటుంది కాబట్టి కింది అంతస్తూ పై అంతస్తూ రెండూ తక్కువ రక్షణనిస్తాయి. పెద్ద కాంక్రీటు భవనం నడిమధ్యలో బయట తగిలేదానిలో పదో వంతు కూడా తగలదు.

రేకుల ఇళ్ల సంగతి వేరు, ఆ రేకు గామా కిరణాలను దాదాపు ఆపదు. బస్తీల్లో ఉన్నవాళ్లకు పక్కనున్న స్కూలు, కమ్యూనిటీ హాలు, అపార్ట్‌మెంట్ తలుపులు తెరవాల్సిందే. కాలనీ సంఘాలు ఇది ఇప్పుడే మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ పది నిమిషాల్లో వాచ్‌మన్ గేటు తీయాలా వద్దా అని ఫోన్లు చేసుకునే పరిస్థితి ఉండకూడదు.

పిల్లలు స్కూల్లో ఉన్నారు. వెళ్లి తెచ్చుకోవద్దా?

వద్దు. తల్లిదండ్రులకు ఇంతకంటే కష్టమైన మాట లేదని తెలుసు. కానీ మొదటి గంటలోనే ధూళి అత్యంత ప్రమాదకరంగా ఉంటుంది. మీరు ట్రాఫిక్‌లో బైక్ మీద ఉంటే మీకు తగులుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మీ బిడ్డకూ తగులుతుంది. కాంక్రీటు స్కూలు భవనం లోపల టీచర్ల దగ్గర ఉన్న బిడ్డ రోడ్డు మీద మీతో ఉన్న బిడ్డ కంటే చాలా క్షేమం. డ్రిల్ గురించి, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారన్న దాని గురించి స్కూలు వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి.

ఎన్ని రోజులు లోపలే ఉండాలి? నెలల తరబడి అంటే ఎలా?

నెలలు అక్కర్లేదు. ధూళిలోని పదార్థాల్లో ఎక్కువ భాగం చాలా త్వరగా నశిస్తాయి. సమయం ఏడు రెట్లు అయితే రేడియేషన్ తీవ్రత పదో వంతుకు పడిపోతుందనేది వాడుకలో ఉన్న లెక్క. పేలిన గంటకు 100 ఉందనుకుంటే, ఏడు గంటలకు 10, రెండు రోజులకు 1, రెండు వారాలకు 0.1. అందుకే మొదటి 24 గంటలు కదలకుండా లోపల ఉండాలి. అధికారులు వేరేగా చెప్పకపోతే రెండు మూడు రోజులు ఉంటే ఇంకా మంచిది.

గాలి వాటం చూసి పారిపోదామనుకోవద్దు. ధూళిని మోసుకెళ్లేది ఎత్తున వీచే గాలి. వానాకాలంలో మన దగ్గర కింద పడమటి గాలి వీస్తుంటే, పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు గాలి వీస్తుంది. నేల మీద నిలబడి దిశ చెప్పలేం.

బయట నుంచి వచ్చినవాళ్లని ఇంట్లోకి రానివ్వొచ్చా? ముట్టుకుంటే మాకూ అంటుకుంటుందా?

రానివ్వాలి. ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతున్నాయి. కిరణాలు ఒంట్లోంచి దాటిపోయిన మనిషి ఎవరికీ ప్రమాదం కాడు, ఎక్స్‌రే తీయించుకుని వచ్చినవాళ్లు ఎలా కారో అలాగే. ధూళి ఒంటి మీద ఉన్న మనిషి మాత్రం హోలీ ఆడి వచ్చినవాడి లాంటివాడు. కడుక్కునేదాకా ఆ రంగు తగిలిన చోటల్లా అంటుతుంది, కడిగాక పోతుంది.

గుమ్మం దగ్గరే పైబట్టలు, చెప్పులు విప్పించి కవర్‌లో మూటకట్టి దూరంగా పెట్టండి. ఒంటి మీది ధూళిలో చాలా భాగం దాంతోనే పోతుంది. తర్వాత సబ్బుతో, షాంపూతో మెల్లగా స్నానం. చర్మం గీరుకుపోయేలా రుద్దకూడదు. కండిషనర్, తలనూనె వద్దు, జుట్టుకు ధూళిని అతికించి పెడతాయి. నీళ్లు లేకపోతే తడిగుడ్డతో ముఖం, చేతులు తుడిచినా మేలే.

ఏసీ, కూలర్ వేసుకోవచ్చా?

కూలర్ వద్దు, బయటి గాలిని లాగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఆపేయండి. గదిలోని గాలినే తిప్పే స్ప్లిట్ ఏసీ, సీలింగ్ ఫ్యాన్ ఫరవాలేదు.

నీళ్లు, పాలు, కూరగాయలు?

ఫ్రిజ్‌లో, డబ్బాల్లో, కప్పి ఉన్న సంపులో, మూతపెట్టిన ట్యాంకులో ఉన్నవి వాడుకోవచ్చు. మూత లేని ట్యాంకు, ఆరుబయట ఉన్న బిందెలు వద్దు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి కానీ రేడియో ధార్మిక ధూళి పోదు. అరటిపండు, కొబ్బరికాయ లాంటివి పైన కడిగి తొక్క తీసి తినొచ్చు.

పాల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. గడ్డి మీద పడ్డ అయోడిన్-131 అనే రేడియో ధార్మిక అయోడిన్‌ని ఆవు, గేదె మేస్తే అది పాలల్లోకి వస్తుంది, పిల్లల థైరాయిడ్‌లో చేరుతుంది. అది ఎనిమిది రోజులకు సగమవుతుంది కాబట్టి కొన్ని వారాలపాటు తాజా పాలు మాని, ముందే ఉన్న పాలపొడి వాడటం మేలు.

అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే, బెటాడిన్ తాగితే రేడియేషన్ నుంచి రక్షణ అంటున్నారు. నిజమేనా?

రెండూ తప్పు, బెటాడిన్ తాగడమైతే విషం. థైరాయిడ్ రక్షణకు ఇచ్చే పొటాషియం అయోడైడ్ మాత్ర పెద్దవాళ్లకు 130 మిల్లీగ్రాములు. అందులోని అయోడిన్ 100 మిల్లీగ్రాములు. మనం కొనే ఉప్పు కిలోలో ఉండాల్సిన అయోడిన్ కనీసం 15 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మాత్రతో సమానం కావాలంటే ఆరు కిలోలకు పైగా ఉప్పు తినాలి. అంతకు చాలా ముందే ప్రాణం పోతుంది.

ఆ మాత్రకూ హద్దులున్నాయి. అది థైరాయిడ్‌ని మామూలు అయోడిన్‌తో నింపి రేడియో అయోడిన్‌కు చోటు లేకుండా చేస్తుంది, అంతే. గామా కిరణాలను ఆపదు, మజ్జను కాపాడదు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఎక్కువ ఉపయోగం, నలభై దాటినవాళ్లకు తక్కువ. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. బాంబు విషయంలో మాత్ర కంటే మంచి గోడ చాలా రెట్లు ఎక్కువ పనిచేస్తుంది.

## జబ్బు మొదలయ్యాక

వాంతులు అయ్యాయంటే రేడియేషన్ తగిలినట్టేనా?

ఖాయంగా చెప్పలేం. భయానికి, తల దెబ్బకి కూడా వాంతులవుతాయి. కానీ ఎంత తొందరగా మొదలయ్యాయనేది డాక్టర్లకు చాలా ముఖ్యం. రెండు గంటల తర్వాత అయితే సాధారణంగా 2 గ్రే లోపు, ఒకటి రెండు గంటల మధ్య అయితే 2 నుంచి 4, గంటలోపే అయితే అంతకు మించి అని అంచనా వేస్తారు. కాబట్టి మొదటి వాంతి అయిన సమయం కాగితం మీద రాసి పెట్టండి.

తర్వాత ఆరేడు గంటలకోసారి రక్తపరీక్ష చేసి లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లరక్తకణాలు ఎంత వేగంగా పడిపోతున్నాయో చూస్తారు. మామూలు సీబీపీ చేసే ల్యాబ్ చాలు దీనికి. ఇంకా కచ్చితంగా కావాలంటే క్రోమోజోముల్లో విరుగుళ్లను లెక్కపెట్టే పరీక్ష ఉంది.

రెండు రోజుల్లో వాంతులు తగ్గాయి, బాగానే ఉన్నాడు. గండం గడిచినట్టేనా?

కాదు. హిరోషిమాలో ఎన్నో కుటుంబాలను గుండెకోతకు గురిచేసిన దశ ఇదే. వాంతులు తగ్గాక కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు మనిషి మామూలుగా కనిపిస్తాడు. ఒంట్లో అంతకుముందే తయారైన రక్తకణాలు పనిచేస్తూ ఉంటాయి. అవి అయిపోయేసరికి మజ్జ నుంచి కొత్తవి రావు. అప్పుడు జుట్టు ఊడుతుంది, చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద ఊదారంగు మచ్చలు, జ్వరం, నోట్లో పుండ్లు. గాయం ఒక్కటీ లేకుండా బయటపడ్డామని సంతోషించినవాళ్లు మూడు, నాలుగు వారాలకు ఇలా చనిపోయారు. బాగున్నట్టు కనిపించే ఆ రోజుల్లోనే రక్తపరీక్షలు, వైద్యం జరగాలి.

ఎంత డోసుకి ఏమవుతుంది?

1 నుంచి 2 గ్రే: వికారం, నీరసం, రక్తకణాలు తగ్గడం. దాదాపు అందరూ బతుకుతారు. సుమారు 3 దగ్గర జుట్టు ఊడుతుంది. వైద్యం లేకపోతే 3.5 నుంచి 4 గ్రే తగిలినవాళ్లలో సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. మంచి వైద్యం అందితే ఆ హద్దు 5, 6 దాకా జరుగుతుంది. 10కి చేరేసరికి పేగుల పొర ఊడిపోయి విరేచనాలు, ఇన్ఫెక్షన్ ముంచుకొస్తాయి, బతకడం చాలా అరుదు. ఇంకా చాలా ఎక్కువ తగిలితే మెదడు, రక్తనాళాలు దెబ్బతిని కొద్ది రోజుల్లోనే అయిపోతుంది.

హిరోషిమాలో మొదటి నిమిషపు రేడియేషన్ రెండు కిలోమీటర్ల దూరానికి 0.1 గ్రే లోపుకు పడిపోయింది. దూరానికి ఉన్న బలం అది.

దీనికి మందుందా?

పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు లేదు. మజ్జ కోలుకునేదాకా మనిషిని నిలబెట్టే వైద్యం ఉంది: యాంటీబయాటిక్స్, ప్లేట్‌లెట్లు, సెలైన్, ఇన్ఫెక్షన్ సోకని గది. తెల్లరక్తకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2015లో ఈ జబ్బుకు అనుమతించింది. కీమోథెరపీ తీసుకున్న కుటుంబాలకు ఇది తెలిసిన ఇంజెక్షనే, మన నగరంలోని ఫార్మా కంపెనీలూ తయారుచేస్తాయి. రేడియో ధార్మిక సీజియం ఒంట్లోకి వెళితే ప్రష్యన్ బ్లూ, ప్లుటోనియం వెళితే డీటీపీఏ అనే మందులు ఇస్తారు.

చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో 1986లో జరిగిన ప్రమాదంలో తీవ్ర రేడియేషన్ జబ్బు నిర్ధారణ అయినవాళ్లు 134 మంది. మొదటి నెలల్లో చనిపోయింది 28 మంది. పడకలు, రక్తం, నర్సులు ఉన్నప్పటి ఫలితం అది. బాంబు పడ్డ ఊరిలో ఆస్పత్రులే కూలిపోతాయి. హిరోషిమాలో జరిగింది అదే.

## ఏళ్లు గడిచాక

బతికినవాళ్లందరికీ క్యాన్సర్ వస్తుందా?

రాదు. ఈ విషయంలో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం జపాన్ బాధితులు దశాబ్దాలపాటు తమ ఒంటిని పరీక్షలకు ఇవ్వడం వల్ల తెలిసింది. సుమారు 1,20,000 మందిని దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చారు. బ్లడ్ క్యాన్సర్ ముందుగా వచ్చింది, రెండేళ్లకే మొదలై ఆరు నుంచి ఎనిమిదేళ్లకు ఎక్కువైంది. చిన్నపిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. రెండేళ్ల వయసులో హిరోషిమాలో ఉన్న సదాకో ససాకి 1955లో పన్నెండేళ్లకు దీనితోనే చనిపోయింది. రొమ్ము, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, థైరాయిడ్ లాంటి క్యాన్సర్లు పదేళ్ల తర్వాత పెరగడం మొదలై, ఆ ముప్పు జీవితాంతం ఉండిపోయింది.

ముప్ఫై ఏళ్ల వయసులో 1 గ్రే తగిలిన మనిషికి డెబ్భై ఏళ్లప్పుడు కణితి క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ల కంటే 40 నుంచి 50 శాతం ఎక్కువ. అయినా గమనించిన బాధితుల్లో వచ్చిన ఆ క్యాన్సర్లలో రేడియేషన్ వల్ల అని లెక్కతేలినవి సుమారు పదో వంతు. కంటి శుక్లాలు, గుండె జబ్బులు కూడా కొంత పెరిగాయి.

గర్భంతో ఉన్నవాళ్ల సంగతి?

గర్భం 8 నుంచి 15 వారాల మధ్య ఉన్నప్పుడు ఎక్కువ డోసు తగిలితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అప్పుడు పుట్టిన కొందరు పిల్లలకు తల చిన్నగా ఉండటం, తీవ్రమైన మానసిక ఎదుగుదల లోపం కనిపించాయి. 16 నుంచి 25 వారాల్లో ఈ ముప్పు తక్కువ. 100 మిల్లీగ్రేల లోపు ఇలాంటి లోపాలు పెరిగినట్టు కనిపించలేదు. గర్భం అని తెలియక ఒక ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు భయపడి అబార్షన్ దాకా వెళ్లకండి, ముందు డాక్టర్‌ని అడగండి.

తర్వాత పుట్టే పిల్లలకు, మనవలకు కూడా వస్తుందా?

బాధితులకు ఆ తర్వాత పుట్టిన సుమారు 77,000 మంది పిల్లలను గమనించారు. పుట్టుకతో వచ్చే లోపాలు గానీ, క్యాన్సర్ గానీ రేడియేషన్ వల్ల పెరిగినట్టు ఇప్పటివరకూ తేలలేదు. జంతువుల్లో ఎక్కువ డోసుల దగ్గర వారసత్వ మార్పులు కనిపించాయి కాబట్టి పరిశీలన సాగుతూనే ఉంది.

ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. జపాన్‌లో బాధితులను హిబాకుషా అంటారు. బాధితులమని తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయని, ఉద్యోగాలు రావని ఎంతోమంది ఏళ్ల తరబడి ఆ సంగతి దాచుకున్నారు. అవతలి కుటుంబంలో క్యాన్సర్ ఉందంటే పెళ్లి చూపులు ఆగిపోయే మన సమాజంలో ఆ బాధ అర్థం కానిది కాదు. ఆ బాధితుల సంఘం నిహోన్ హిదాన్‌క్యోకి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

హిరోషిమాలో ఇప్పుడు జనం ఎలా ఉంటున్నారు? అక్కడ రేడియేషన్ లేదా?

అక్కడ ఇప్పుడు దాదాపు 12 లక్షల మంది ఉంటున్నారు, రేడియేషన్ మామూలు స్థాయిలోనే ఉంది. బాంబు సుమారు 600 మీటర్ల ఎత్తున పేలింది, అగ్నిగోళం నేలను తాకలేదు. ధార్మిక పదార్థాల్లో ఎక్కువ భాగం పైకి వెళ్లి చెదిరిపోయింది. కొన్నిచోట్ల నల్లటి వానగా కురిసింది.

నేల మీద పేలితే కథ పూర్తిగా వేరు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా పేల్చిన 15 మెగాటన్నుల బాంబు పగడపు దిబ్బను పొడి చేసి గాలిలోకి లేపింది. రోంగెలాప్ దీవి పిల్లలు తెల్లటి ఆ పొడిలో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత గానీ వాళ్లను తరలించలేదు. తర్వాతి ఏళ్లలో ఆ పిల్లల్లో చాలామందికి థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. అదే పొడి పడ్డ జపాన్ చేపల పడవలో 23 మంది జబ్బుపడ్డారు, ఒకరు ఆ ఏడాదే చనిపోయారు.

## మన ఊరి సంగతి

మౌలాలి దగ్గర ఎన్‌ఎఫ్‌సీ ఉంది కదా, అది బాంబులా పేలుతుందా?

పేలదు. 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్లకు ఇంధనం తయారవుతుంది, అక్కడ విద్యుత్ రియాక్టర్ లేదు. సహజ యురేనియంలో పగిలే రకం 0.7 శాతమే, బాంబుకు 90 శాతం దాకా కావాలి. రియాక్టర్‌లో ఇంకా మండని ఇంధనంలో అయోడిన్-131, సీజియం-137 ఉండవు. అక్కడ జాగ్రత్తపడాల్సింది మామూలు రసాయన ప్రమాదాల గురించి, యురేనియం పొడి లోపలికి వెళితే మూత్రపిండాలకు కలిగే హాని గురించి.

బాంబు కాకుండా మనకు నిజంగా ఎదురయ్యే రేడియేషన్ ప్రమాదం ఏదైనా ఉందా?

ఉంది, పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక విద్యాసంస్థ వేలంలో అమ్మేసిన పాత పరికరాన్ని తుక్కు దుకాణంలో విప్పారు. లోపల కోబాల్ట్-60 అనే రేడియో ధార్మిక పదార్థం ఉంది. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో ఇలాగే సీజియం బయటపడి నలుగురు చనిపోయారు, వాళ్లలో ఒకరు ఆరేళ్ల పాప.

తుక్కు కొనేవాళ్లకు, అక్కడ పనిచేసే కుర్రాళ్లకు ఇది తెలియాలి. సైజుకి మించిన బరువున్న సీసపు డబ్బా, మూడు రెక్కల గుర్తు ఉన్న పెట్టె కనిపిస్తే కోయకూడదు, జేబులో పెట్టుకోకూడదు. అందరూ దూరం జరిగి 112కి ఫోన్ చేయాలి. ముట్టుకున్నవాళ్ల చేతులు ఎర్రబడినా, బొబ్బలొచ్చినా, వాంతులైనా ఆస్పత్రిలో ఆ డబ్బా సంగతి తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే డాక్టర్లు దాన్ని మామూలు కాలిన గాయమనుకుని మందు రాసి పంపించేస్తారు.